శిలాజాల తీరానికి కుక్కతో వెళ్తున్నారా? ముందు పోటు వేళ చూడండి

సంపాదకుడికి,

బ్రిటన్‌లోని శిలాజ తీరాల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాం. పిల్లలతో, పెంపుడు కుక్కతో ఒక రోజు గడపడానికి సోమర్సెట్‌లోని కిల్వ్ తీరం మంచి చోటని రాశారు. నిజమే, మంచి చోటే. అయితే వ్యాసంతో పాటు వేసిన ఫొటోలో ఒక కుక్క కొండచరియ పాదానికి ఆనుకుని లీష్ లేకుండా పరుగెడుతోంది. ఆటుపోట్ల మాట వ్యాసంలో ఒక్కచోట కూడా లేదు. బ్రిస్టల్, కార్డిఫ్, రెడింగ్ ప్రాంతాల్లో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, వాళ్లలో కుక్కల్ని పెంచేవాళ్లూ తక్కువేం కాదు. మీ వ్యాసం చదివి శనివారం పొద్దున్నే కారు తీసే వాళ్ల కోసం ఈ ఉత్తరం రాస్తున్నాం.

కిల్వ్ అంటే విశాఖ ఆర్కే బీచ్‌లా ఇసుకలో చెప్పులు విడిచి నడిచే తీరం కాదు. ఎ39 రోడ్డు మీది ఊళ్లోంచి సీ లేన్ చివరికి వెళ్తే డబ్బు కట్టి కారు నిలుపుకునే చోటు ఉంటుంది. అక్కడి నుంచి వాగు వెంట కొద్ది నిమిషాలు నడిస్తే సముద్రం. దారిలో ఒక ఇటుకల గోపురం కనిపిస్తుంది. ఈ రాళ్లను కాల్చి నూనె తీయాలని 1924లో కట్టిన బట్టీ అది. వ్యాపారం మాత్రం సాగలేదు. దాన్ని దాటి దిగితే కంటికి ఆనినంత మేరా రాతి పలకలే. ఒక పొర సున్నపురాయి, ఒక పొర నల్లటి షేల్ (బురద గట్టిపడి పలకలుగా మారిన మెత్తటి రాయి), మళ్లీ సున్నపురాయి. దీన్ని బ్లూ లయాస్ అంటారు, వయసు సుమారు 20 కోట్ల ఏళ్లు. తాండూరు బండలు పరిచిన వాకిలిని ఎవరో ఒక వైపు ఎత్తి వంచినట్టు ఉంటుంది. మన తాండూరు బండలూ సున్నపురాయే గానీ ఇంతకంటే చాలా పాతవి. గుల్ల ఉన్న జీవులు పుట్టక ముందటివి కాబట్టి వాటిలో ఇలాంటి శిలాజాలు వెతికి లాభం లేదు.

వాతావరణ సూచన తర్వాత చూసుకోవచ్చు. ఇక్కడికి వచ్చేవాళ్లు మొదట చూడాల్సింది పోటు పట్టిక. కిల్వ్ ఉన్న బ్రిస్టల్ చానల్‌లో ఆటుకూ (నీరు వెనక్కి పోవడం) పోటుకూ (ముందుకు రావడం) మధ్య నీటిమట్టం తేడా ప్రపంచంలోనే అతి పెద్దవాటిలో ఒకటి. సెవెర్న్ నది ముఖద్వారం దగ్గర అది 14 మీటర్ల దాకా పోతుంది. విశాఖలో ఎంత పెద్ద పోటుకైనా తేడా రెండు మీటర్లు దాటదు. మన తీరాల్లో పెరిగినవాళ్లకు సముద్రం ముందుకూ వెనక్కూ పోతుందని తెలుసు, కానీ ఇంతగా పోతుందని ఊహకు అందదు. ఇక్కడ జరిగే పొరపాట్లలో సగం అక్కడి నుంచే మొదలవుతాయి.

లెక్క ఇలా ఉంటుంది. ఆటు నుంచి పోటుకు ఆరు గంటల పైచిలుకు పడుతుంది, కానీ నీరు సమంగా పెరగదు. మొత్తం పెరుగుదలను పన్నెండు భాగాలు చేస్తే మొదటి గంటలో ఒక భాగం, రెండో గంటలో రెండు, మూడో గంటలో మూడు, నాలుగో గంటలోనూ మూడు, తర్వాత రెండు, చివర ఒకటి. తేడా పన్నెండు మీటర్లు అనుకుంటే మూడో గంటలో నీటిమట్టం నిమిషానికి ఐదు సెంటీమీటర్లు లేస్తుంది. యాభై మీటర్లకు ఒక మీటరు వాలు ఉన్న బండ మీద, అది నిమిషానికి రెండున్నర మీటర్లు ముందుకు రావడమే. మొదటి గంటలో పెద్ద మార్పు కనిపించదు కాబట్టి జనం నింపాదిగా ఉంటారు. తర్వాతి రెండు గంటల్లో చిక్కుకుంటారు. పైగా నీరు ఎదురుగా రాదు. బండల మధ్య కాలువల్లోంచి వెనక నుంచి చుట్టుకొస్తుంది. తీరం ముందుకు పొడుచుకొచ్చిన మూలల దగ్గర అది ముందుగా చరియ పాదానికి తగులుతుంది. ఆ మూల దాటి లోపలి వంపులో ఉన్నవాళ్లకు కాళ్ల కింద పొడి నేలే కనిపిస్తుంటుంది, తిరిగి వెళ్లే దారి మాత్రం అప్పటికే మూసుకుపోయి ఉంటుంది. చరియ ఎక్కడానికి వీల్లేదు. కిల్వ్ నుంచి తూర్పున లిల్‌స్టాక్ దాకా ఉన్న సుమారు మూడు కిలోమీటర్లలో ఈ ప్రమాదం ఎక్కువ.

అందుకని పాటించాల్సింది ఇది. నీరు పూర్తిగా వెనక్కి వెళ్లే వేళకు రెండున్నర గంటల ముందు దిగాలి, సరిగ్గా ఆ వేళకు ముఖం కారు వైపు తిప్పాలి. అమావాస్య, పౌర్ణమి వెళ్లిన ఒకటి రెండు రోజులకు నీరు అన్నిటికంటే ఎక్కువ వెనక్కి పోతుంది, అంతే బలంగా తిరిగొస్తుంది. గోడమీద తెలుగు క్యాలెండర్ ఉన్నవాళ్లకు ఈ తేదీలు వేరే వెతకనక్కర్లేదు. ఆ రోజుల్లో ఈ తీరంలో ఆటు ఎప్పుడూ మధ్యాహ్నం ఒంటిగంట, రెండు గంటల ప్రాంతంలో పడుతుంది కాబట్టి పగటి వెలుతురు సరిపోతుంది. అష్టమి ప్రాంతంలో వెళ్తే నీరు అంతగా వెనక్కి తగ్గదు, బయటపడే బండలూ తక్కువే. పైగా ఆటు ఉదయమో సాయంత్రమో పడుతుంది. డిసెంబరులో నాలుగింటికే పొద్దు గూకుతుంది, అప్పుడు సాయంత్రపు ఆటును నమ్ముకోవద్దు.

పట్టిక చూసేటప్పుడు వాచెట్ లేదా హింక్లీ పాయింట్ వేళలు చూడాలి. కొన్ని పట్టికలు, గడియారాలు గంట ముందుకు జరిపే వేసవిలోనూ జీఎంటీలోనే ఉంటాయి, కొన్ని అప్పటికే గంట కలిపి ఇస్తాయి. జీఎంటీ పట్టికకు గంట కలపడం మర్చిపోతే పెద్ద నష్టం లేదు, ఒక గంట ముందుగా తిరిగొస్తారు. గంట కలిపి ఉన్న పట్టికకు మళ్లీ గంట కలిపితేనే ప్రాణం మీదికొస్తుంది. ఆటు రెండింటికైతే మూడింటికి అనుకుని నిలబడి ఉంటారు. ఇంకో సంగతి, పట్టికలోవి అంచనాలు మాత్రమే. గాలి పీడనం ఒక్కో మిల్లీబారు తగ్గితే నీరు సుమారు ఒక సెంటీమీటరు ఎక్కువ లేస్తుంది. పడమటి గాలి తోడైతే ఇంకా పైకి వస్తుంది. తుపాను పట్టిన రోజు ఇల్లు కదలకపోవడమే మేలు.

ఇక కొండచరియ. సున్నపురాయి గట్టిది, దాని కింద షేల్ మెత్తనిది. అలలకు షేల్ తరిగిపోయి పైన సున్నపురాయి చూరులా వేలాడుతుంది, ఏదో ఒకనాడు ఊడిపడుతుంది. వాన తర్వాత, మంచు కరిగాక ఎక్కువ పడతాయన్న మాట నిజమే. అంతమాత్రాన ఎండాకాలంలో పడవని కాదు. ఎండి బీటలు తీసినా జారిపోతాయి. చరియ ఎంత ఎత్తుందో కనీసం అంత దూరం జరిగి నడవాలన్నది మేం చెప్పే కొలత. మనుషులు ఇది పాటిస్తారు, కుక్క పాటించదు. తాజాగా పడిన రాళ్ల కుప్పలో కొత్త వాసనలు ఉంటాయి, అది అక్కడికే పోతుంది. దాన్ని పిలవడానికి యజమాని వెనకే వెళ్తాడు. మీ ఫొటో మీద మా అభ్యంతరం ఇదే.

లీష్ ఒకటిన్నర, రెండు మీటర్ల మామూలుది చాలు. చేతిలోంచి సాగుతూ చుట్టుకునే రకం ఇక్కడ వద్దు, దాని సన్నటి తాడు బండల అంచుల్లో ఇరుక్కుని తెగుతుంది, చేతినీ కోస్తుంది. మెడ పట్టెడకు కాకుండా ఛాతీకి తొడిగే హార్నెస్‌కు తగిలించాలి. కుక్క జారితే బరువంతా గొంతు మీద పడకుండా ఉంటుంది, బండ పైకి ఎత్తడానికీ పట్టు దొరుకుతుంది. లీష్‌ను మణికట్టుకు చుట్టుకోకూడదు, నడుముకు కట్టుకోకూడదు. పచ్చటి నాచు మీద అది ఒక్కసారి లాగితే మీరూ పడతారు. నాచు పట్టిన నున్నటి షేల్ కంటే, చిన్న చిన్న గరుకు గుల్లలు అంటుకున్న సున్నపురాయి గట్ల మీద మనిషి కాలు బాగా నిలుస్తుంది. చిక్కేమిటంటే అదే గరుకు కుక్క అరికాళ్లను కోస్తుంది. అందుకే నడిచే దారిని కుక్కను చూసి ఎంచుకోవాలి. పెద్ద రాళ్ల మీద దూకించకుండా గులకరాళ్లు, ఇసుక పట్టిన కాలువల వెంట తీసుకెళ్లాలి. ఇద్దరు వెళ్లడం మంచిది, ఒకరి కళ్లు రాళ్ల మీద, ఇంకొకరివి కుక్క మీద. ఒంటరిగా వెళ్లి రెండూ చేయబోతే ఏదీ కాదు.

ఈ తీరానికి కుక్కలు కొత్త కాదు. ఒకప్పుడు ఇక్కడివాళ్లు ఆటు వేళ కుక్కల్ని వెంటబెట్టుకుని బండల కింద దాగిన పెద్ద పెద్ద కాంగర్ ఈల్ చేపల్ని వేటాడేవారు. వాసన పట్టడం కుక్క వంతు, రాయి లేపి చేపను పట్టడం మనిషి వంతు. ఆ కుక్కలకు ప్రతి రాయీ తెలుసు. నగరంలో సోఫా మీద పెరిగిన లాబ్రడార్‌కు తెలియదు. తొలిసారి గంటన్నరకు మించి నడిపించకండి. ఉప్పునీటిలో నాని అరికాలి మెత్తలు మెత్తబడతాయి, కోతలు ఎక్కువగా పడేది నడక చివర్లోనే.

కోసుకుంటే ఏం చేయాలి? మంచినీళ్లతో కడగాలి. పైకి కనిపించే రాతి ముక్క ఉంటే తీయాలి, లోతుగా దిగిందాన్ని కెలక్కూడదు. శుభ్రమైన గుడ్డతో ఐదు నిమిషాలు ఆపకుండా నొక్కి పట్టాలి. మధ్యలో ఆగిందో లేదో అని తీసి చూస్తే గడ్డకట్టిన నెత్తురు ఊడిపోయి మళ్లీ మొదటికొస్తుంది. తర్వాత పుండుకు అంటుకోని గాజుగుడ్డ, వేళ్ల మధ్య కొంచెం దూది, పైన దానికదే అంటుకునే బ్యాండేజీ. బిగించి కట్టొద్దు. కట్టు అంచు కింద మన వేలు దూరాలి. తడవకుండా ప్లాస్టిక్ సంచి తొడిగితే కారెక్కగానే తీసేయాలి, లేకపోతే లోపల చెమ్మ చేరి కుళ్లుతుంది. కాలి లోపలి వైపు కాస్త పైకి ఉండే గోరును కూడా చూడండి, రాతి పగుళ్లలో తగులుకుని చీలిపోయేది అదే. నొప్పికి మన సంచిలోని పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ ఇవ్వకూడదు, మనుషుల మోతాదులో రెండూ కుక్కలకు విషమవుతాయి. తిండి సంగతీ అంతే. ఉల్లిపాయ వేసిన ఉప్మా, ద్రాక్ష పళ్లు వేసిన పెరుగన్నం మనకు ప్రయాణపు భోజనం, కుక్కకు జబ్బు. దానికి విడిగా తెచ్చుకోవాలి.

మంచినీళ్లు పదిహేను కిలోల కుక్కకు రెండు మూడు గంటలకు ఒక లీటరు తీసుకెళ్లండి, ఇరవై నిమిషాలకోసారి పెట్టండి. దాహం వేశాక అది బండల గుంటల్లోని నీళ్లు తాగుతుంది, ఆ గుంటల్లో ఎండకు నీరు ఆవిరై ఉప్పు చిక్కబడి ఉంటుంది. ముందు వాంతులు, విరేచనాలు, ఎక్కువ తాగితే తూలడం, వణుకు. తూలుతుంటే ఇంటికి కాదు, నేరుగా పశువైద్యుడి దగ్గరికి పోవాలి. ఆడించడానికి రాళ్లు విసరకండి. పళ్లు విరుగుతాయి, మింగితే పేగుకు అడ్డం పడి ఆపరేషన్ దాకా పోతుంది. గాలివానల తర్వాత నైరుతి ఇంగ్లండ్ తీరాలకు తెల్లటి కొవ్వు ముద్దలు కొట్టుకొస్తుంటాయి. ఓడల నుంచి సముద్రంలో కలిసిన పామాయిల్ గడ్డలు అవి. కుళ్లిన వాసనకు కుక్కలు ఎగబడి తింటాయి, ప్రమాదకరమైన జబ్బు పడతాయి. ఇక నల్లటి షేల్ వేసవిలో పెనంలా కాలుతుంది, ఈ తీరంలో నీడ ఉండదు. చేతి వెనక భాగాన్ని రాతి మీద ఆనించి ఐదు సెకన్లు ఉంచలేకపోతే కుక్కనూ నడిపించొద్దు.

శిలాజాల విషయానికొస్తే, ఇక్కడ ఎక్కువగా కనిపించేవి అమ్మోనైట్లు, అంటే చుట్టలు తిరిగిన గుల్లతో బతికి అంతరించిపోయిన సముద్ర జీవులు. మన పూజామందిరాల్లోని గండకీ సాలగ్రామాలు కూడా ఈ జాతి జీవుల శిలాజాలే, అక్కడ నల్లటి గులకల్లో దొరుకుతాయి, ఇక్కడ సున్నపురాయి పలకల మీద చుట్టలు చుట్టుకుని పళ్లెమంత వెడల్పున పరుచుకుని ఉంటాయి. ఆటు బాగా పోయినప్పుడు, పొద్దు వాలుగా ఉన్న వేళ, తడిసిన పలక మీద గీతల నీడ పడి అవి బాగా తెలుస్తాయి. నడినెత్తిన ఎండ ఉంటే పక్కన నిలబడ్డా కనిపించవు. వంపు తిరిగి గోరులా ఉండే ఆల్చిప్పలు, నక్షత్రం ఆకారంలో ఉండే సముద్రపు లిల్లీ కాడల ముక్కలు గులకరాళ్ల మధ్య ఏరుకోవచ్చు. అదృష్టం ఉంటే రెండు వైపులా గుంటపడిన గుండ్రటి బిళ్ల దొరుకుతుంది, అది ఇక్తియోసార్ అనే చేప ఆకారపు సముద్ర సరీసృపం వెన్నుపూస. దాదాపు ఆ కాలంలోనే తెలంగాణ నేల మీద కోటసారస్ అనే డైనోసార్ తిరిగింది. యామన్‌పల్లి దగ్గర బయటపడిన దాని అస్థిపంజరాన్ని హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో చూసినవాళ్లకు, అప్పటి సముద్రంలో ఏముండేదో ఇక్కడ కనిపిస్తుంది.

వదులుగా పడి ఉన్నవాటినే తీసుకోవాలి. బండలో పాతుకున్న అమ్మోనైట్‌ను సుత్తి, ఉలితో పెకలించకూడదు. బ్లూ యాంకర్ నుంచి లిల్‌స్టాక్ దాకా ఉన్న తీరమంతా చట్టరీత్యా రక్షిత ప్రాంతం. చట్టం మాట పక్కనబెట్టినా, ఇలా పెకలించినవి పదింటికి తొమ్మిది ముక్కలైపోతాయి, పలకలో ఒక గుంట మిగులుతుంది. కుక్క పక్కనుంటే సుత్తి అసలు ఎత్తొద్దు. ఎగిరే రాతి పెచ్చుకు మన కళ్లకు అద్దాలైనా ఉంటాయి, దానికి ఉండవు. పెద్ద ఎముకలాంటిది కనిపిస్తే కదిలించకుండా, పక్కన నాణెమో పెన్నో పెట్టి ఫొటో తీసి, ఫోన్‌లో ఆ చోటు గుర్తు పెట్టుకుని టాంటన్‌లోని మ్యూజియం ఆఫ్ సోమర్సెట్‌కు తెలియజేయాలి. ఇది ఊరికే చెప్పే మాట కాదు. ఈ తీరంలోనే లిల్‌స్టాక్ దగ్గర 2016లో, బ్లూ యాంకర్ దగ్గర 2020లో దొరికిన దవడ ఎముకల ఆధారంగా 2024లో ఇక్తియోటైటన్ అనే కొత్త సముద్ర సరీసృపానికి పేరు పెట్టారు. పొడవు 25 మీటర్ల దాకా ఉండేదని అంచనా. బ్లూ యాంకర్ దగ్గరి ఎముకను కనిపెట్టింది తండ్రీ, పదకొండేళ్ల కూతురూ. వాళ్లు దాన్ని ఇంట్లో అలంకరణకు పెట్టుకుని ఉంటే కథ అక్కడితో ముగిసేది.

తీరం పైన అంచు వెంట నడిచే దారి గురించి రెండు మాటలు. అక్కడ చాలాచోట్ల కంచె లేదు. కుందేలు వెంటో పక్షి వెంటో పరుగెత్తిన కుక్క అంచు దగ్గర ఆగలేదు. పొలాల్లో గొర్రెలుంటాయి. గొర్రెల్ని తరిమే కుక్కను తుపాకీతో కాల్చినా, కొన్ని పరిస్థితుల్లో అక్కడి చట్టం రైతును తప్పుపట్టదు. కాబట్టి పైన కూడా లీష్ విప్పొద్దు. దగ్గర్లోని క్వాంటాక్ కొండల ఫెర్న్ పొదల్లో పిడుదులు ఎక్కువ, ఎండ కాసే వసంతంలో ఆడర్ పాములు దారి పక్కన చలికాచుకుంటూ ఉంటాయి. మన రక్తపింజర కుటుంబానికి చెందినదే ఆడర్. కరిస్తే కుక్కను నడిపించకుండా ఎత్తుకుని వైద్యుడి దగ్గరికి చేర్చాలి, కట్లు కట్టడం, కోయడం చేయకూడదు. పట్టెడకు యజమాని పేరు, చిరునామా ఉన్న బిళ్ల ఉండాలని అక్కడి నియమం, మైక్రోచిప్ 2016 నుంచి తప్పనిసరి. బిళ్ల మీద ఫోన్ నంబరు కూడా చెక్కించండి.

కుక్క చరియ మీంచి పడినా, బురదలో కూరుకున్నా, నీటిలో చిక్కుకున్నా యజమాని వెనకాలే దిగకూడదు. ఇది చెప్పినంత తేలిక కాదని తెలుసు. అయినా 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్ కావాలని అడగాలి. కుక్క కోసం అయినా వాళ్లు వస్తారు. మనుషులు కుక్కల వెంట నీళ్లలో దిగి ప్రమాదంలో పడతారని వాళ్లకు బాగా తెలుసు. తీరంలో కొన్నిచోట్ల సిగ్నల్ అందదు, అందుకే ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి బయల్దేరాలి. ఇంటికొచ్చాక కుక్కను మంచినీళ్లతో కడిగి, వేళ్ల సందులు ఆరేదాకా తుడవాలి. ఉప్పు ఆరిపోతే దురద పుట్టి నాక్కుంటుంది, చిన్న గీత కూడా పుండవుతుంది.

మా విన్నపం ఒక్కటే. ఇలాంటి తీరాల గురించి మళ్లీ వేసినప్పుడు పక్కన చిన్న పెట్టె కట్టి, ఏ రేవు పోటు పట్టిక చూడాలో, అది జీఎంటీనా వేసవి వేళా, ఎన్నింటికి దిగి ఎన్నింటికి వెనుదిరగాలో అచ్చు వేయండి. స్థలం చాలకపోతే ఫొటో తగ్గించండి. ఫొటో వేయక తప్పదంటే చరియకు దూరంగా, లీష్‌తో ఉన్న కుక్కది వేయండి.

ఇట్లు,
సోమర్సెట్ తీరం ఎరిగిన కొందరు తెలుగు పాఠకులు,
బ్రిస్టల్